తరుగు పోను

ఇత్తడి సామాను కొట్లో ఒక మాట తరచు వినపడుతుంది: "తరుగు పోను." చిల్లుపడిన బిందె పట్టుకెళ్ళి కొట్టు అరుగు మీద పెడితే, కొట్టాయన దాన్ని కాటాలో వేసి తూచి, ఇంత తరుగు అని కొట్టేసి, మిగిలిన దానికి లెక్కగట్టి, కొత్త బిందె ఖరీదులో మినహాయిస్తాడు. మజూరీ మనం పైన ఇచ్చుకోవాలి. ఆ బేరంలో అరుపులూ వుంటాయి, అలకలూ వుంటాయి, కాటా మీద అనుమానాలూ వుంటాయి. కాని చిల్లుపడిన బిందె ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాదు. వచ్చిన చోటికే పోతుంది. మూసలో కరుగుతుంది. మళ్ళీ బిందె అవుతుంది. మీ ఇంట్లో దేవుడి దగ్గరున్న ఇత్తడి చెంబులో ఎన్ని తరాల చెంబులు కలిసి వున్నాయో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనక ఒక్క ముక్క నిఘంటువు సంగతి కూడా చెప్పనివ్వండి. చెత్త అంటే మన పెద్దలకి ఆకూ అలమూ, గడ్డీ గాదం. పెంట అంటే పొలానికి బలం; పెంటకుప్ప పెద్దదైన ఇంటికి పిల్లనిచ్చేవారు. రెండూ కుళ్ళేవే, నేలలో కలిసేవే. కుళ్ళనిదీ, కరిగించలేనిదీ, అమ్మినవాడు వెనక్కి తీసుకోనిదీ అయిన వస్తువుకి మన భాషలో మాటే లేదు. అటువంటి వస్తువు లేకపోబట్టి మాట లేదు. ఇప్పుడు వస్తువు మాత్రం ఇంటినిండా వుంది.

మీ ఇంట్లో సొరుగు ఒకటి లాగి చూడండి. చచ్చిపోయిన సెల్‌ఫోన్లు రెండో మూడో, తలా ఒక రకం మూతి వున్న చార్జర్లు, కారిపోయి పచ్చగా పొక్కులెక్కిన రిమోటు సెల్లులు, పిల్లవాడి రైలు బొమ్మ మోటారు. వంటింట్లోకి వెళితే పాల కవర్లు, చిప్స్ పొట్లాలు. మెట్ల కింద ఉబ్బిపోయిన ఇన్వర్టరు బ్యాటరీ. వీటన్నిటినీ డబ్బు పోసి కొనుక్కున్నాం. కొన్న నాడు అవి మనవి. సరే, చచ్చిన నాడు ఎవరివి?

ఈ ప్రశ్నకి చాలాకాలం లోకమంతటా ఒకటే జవాబు: మునిసిపాలిటీవి. చేసినవాడు లాభం తీసుకుని వెళ్ళిపోతాడు, కొన్నవాడు వీధిలో పారేస్తాడు, ఎత్తే ఖర్చు ఊరందరి పన్నులోంచి పోతుంది. చిప్స్ ముట్టని ముసలమ్మ కూడా చిప్స్ పొట్లం ఎత్తడానికి ఇంటిపన్ను కడుతుందన్నమాట. ఇది న్యాయం కాదని 1990లో స్వీడను దేశంలో లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన తమ ప్రభుత్వానికి ఒక నివేదికలో రాశాడు. వస్తువు ఫ్యాక్టరీ గేటు దాటగానే చేసినవాడి బాధ్యత తీరిపోదు, అది చచ్చి మళ్ళీ ముడిసరుకు అయ్యేదాకా సాగుతుంది అన్నాడు. ఈ సూత్రానికి ఇంగ్లీషు పేరు ఎక్స్‌టెండెడ్ ప్రొడ్యూసర్ రెస్పాన్సిబిలిటీ. తెలుగులోకి మక్కికిమక్కీగా దించితే బి.ఏ. కుర్రవాడు సమాసం విప్పలేక పరీక్ష హాల్లోంచి లేచిపోతాడు. "చేసినవాడిదే భారం" అంటే సరిపోతుంది.

ఆ భారం మొట్టమొదట గట్టిగా మోపింది జర్మనీవారు. 1991లో అట్టపెట్టెలూ, డబ్బాలూ, పొట్లాలూ అన్నీ చేసినవాళ్ళే వెనక్కి తీసుకోవాలని చట్టం తెచ్చారు. ప్రతి కొట్టు ముందూ ఖాళీ డబ్బాల గుట్టలు పడతాయని కంపెనీలు భయపడి, అందరూ కలిసి ఒక సంస్థ పెట్టుకుని, రుసుము కట్టిన ప్రతి పొట్లం మీదా ఒక ఆకుపచ్చ చుక్క ముద్ర వేసుకున్నారు. మన దేశంలో ఆకుపచ్చ చుక్క అంటే లోపల గుడ్డు లేదని. వాళ్ళకి ఆ చుక్క అంటే దీన్ని ఎత్తే ఖర్చు కట్టేశామని. తమాషా ఏమిటంటే, జర్మను గృహస్థులు మహా శ్రద్ధగా వేరుచేసి ఇవ్వడం మొదలుపెట్టేసరికి అనుకున్నదానికి మించి ప్లాస్టిక్ వచ్చి పడింది. చుక్క వేసుకుని రుసుము ఎగ్గొట్టిన కంపెనీలు కొన్ని. దాంతో 1993 నాటికి ఆ సంస్థ దివాలా అంచుకి వెళ్ళివచ్చింది. క్రమశిక్షణకి పేరుపడ్డ జర్మనీలోనే ఇంత జరిగిందంటే, మనవాళ్ళ సంగతి వినేముందు కాస్త ఓపిక పట్టాలి.

మన దేశంలో చట్టాలు లేవని ఎవరూ అనలేరు. లారీలకీ, కార్లకీ, ఇన్వర్టర్లకీ వాడే సీసం బ్యాటరీల మీద 2001లోనే నిబంధనలు వచ్చాయి. అమ్మిన కొత్త బ్యాటరీలకి సరిపడా పాతవి వెనక్కి రప్పించాలి, ఆ లెక్క మూడేళ్ళలో నూటికి 90 దాకా పెరగాలి అన్నారు. ఎలక్ట్రానిక్ సామాన్ల మీద 2011లో ఒకటి, 2016లో ఒకటి, 2022లో మరొకటి. చివరిది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2016లో 21 రకాల సామాన్లే లెక్కలో వుంటే, ఇందులో 106 వున్నాయి. అన్ని రకాల బ్యాటరీలకీ, ప్లాస్టిక్ పొట్లాలకీ కూడా 2022లోనే కొత్త నిబంధనలు పెట్టారు. కాగితం మీద చూస్తే లోటేమీ లేదు. ఎలక్ట్రానిక్ సామాన్ల కంపెనీలు 2023-24లోనూ, 2024-25లోనూ తమ లెక్కకి వచ్చిన చచ్చిన సరుకులో నూటికి 60 వంతులు శుద్ధి చేయించాలి. తరువాతి రెండేళ్ళు 70. 2027-28 నుంచి 80.

ఇక ఇంట్లోకి వద్దాం. మెట్లకింద బ్యాటరీ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే వుంది.

కొత్త ఇన్వర్టరు బ్యాటరీ కొనేటప్పుడు కొట్టువాడు అడిగే మొదటి ప్రశ్న మీకు తెలిసిందే: "పాతది ఇస్తారా, ఉంచుకుంటారా?" ఇస్తే ఇంత తగ్గిస్తాడు. ఇది అచ్చంగా ఇత్తడికొట్టు బేరమే. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి ఎవరూ దాన్ని వీధిలో పారెయ్యరు. చట్టం వున్నా లేకపోయినా అది వెనక్కి వెళుతుంది. అబ్బ, మన దేశంలో ఒక్కటైనా సవ్యంగా నడుస్తోంది గదా అనుకుంటాం.

కాని ఏ దారిన వెనక్కి వెళుతోంది? లైసెన్సు వున్న కర్మాగారానికి వెళితే యాసిడ్‌ని విరగగొట్టి, పొగని వడగట్టి సీసం తీస్తారు. అందుకు ఖర్చవుతుంది. ఊరి చివర రేకుల షెడ్డులో గొడ్డలితో డొక్క పగలగొట్టి, యాసిడ్ కాలవలోకి వంపేసి, పలకల్ని బొగ్గుల కొలిమిలో కరిగించేవాడికి ఆ ఖర్చు లేదు. కనక పాత బ్యాటరీకి వాడే నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వగలడు. ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికే సరుకు పోతుంది. ఆ కొలిమి పొగ చుట్టుపక్కల ఇళ్ళ మీదా, ఆరేసిన బట్టల మీదా, మట్టిలో ఆడుకునే పసిపిల్లల చేతుల మీదా వాలుతుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే హాని లేదు అని చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థా కలిసి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం ప్రమాదపు గీతకి చేరింది లేదా దాటింది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకడు. అందులో 27 కోట్ల పైచిలుకు మన దేశపు పిల్లలు. ఇదంతా బ్యాటరీల వల్లే కాదు. రంగుల్లో, కొన్ని వంటపాత్రల్లో, కల్తీ పసుపులో కూడా సీసం వుంటుంది. కాని ఈ రేకుల షెడ్లది పెద్దవాటా అని ఆ నివేదికే చెప్పింది.

లెక్కల్లో వెనుకబడ్డ పిల్లవాణ్ణి "మొద్దు" అని గోడకుర్చీ వేయించే మేష్టారుకి, ఆ ఊరి చివర ఏ కొలిమి వుందో కనుక్కోవాలని తోచదు.

ఇప్పుడు సొరుగులోని ఫోను. ఇందులో సీసం కంటె విలువైనది వుంది. మన కర్నూలు జిల్లా జొన్నగిరి ప్రాంతంలో బంగారం కోసం కొండరాయి తవ్వుతున్నారు గదా, టన్ను రాయికి గ్రాముల లెక్కన దొరుకుతుంది. అదే టన్ను పాత ఫోన్లలో బంగారం వందల గ్రాములు. రాయికంటె మన సొరుగులే నయం. అయితే ఒక్కొక్క ఫోనులో వున్నది గోటిమీద కూడా కనపడనంత. వెయ్యి సొరుగులు ఒకచోట చేరితే తప్ప దానికి విలువ రాదు. చేర్చేది ఎవరు?

కంపెనీలు చేర్చాలని చట్టం. నిజానికి చేరుస్తున్నది "పాతిన్ప సామాన్లు, పాత పేపర్లూ" అని కేకవేసుకుంటూ తోపుడుబండి మీద వచ్చే మనిషి. మా వీధికి వచ్చే ఆయనతో ఓ ఆదివారం కాసేపు మాట్లాడాను.

"ఫోన్లు తీసుకుంటావుటయ్యా?"

"తీసుకుంటా మేష్టారూ. పెద్ద కొట్టువాడు కొంటాడు."

"ఆయనేం చేస్తాడు?"

"బాగుపడేవి ఏరి హైదరాబాదు పంపిస్తాడండీ. పడనివి డిల్లీ లారీకి వేస్తాడు."

"మరి చిప్స్ పొట్లాలు?"

ఆయన నవ్వాడు. "అవి ఊరికే ఇచ్చినా వద్దండీ. బండి నిండుతుంది, కాటా లేవదు."

కంపెనీ పేరు పెట్టుకున్న సేకరణ కేంద్రం మన ఊళ్ళో ఎక్కడైనా వుందా అని అడిగితే, ఆ మాట ఎన్నడూ వినలేదన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఇదే వృత్తిలో వున్న మనిషి!

ఢిల్లీ లారీ ఎక్కిన సరుకు సీలంపూర్ లాంటి పేటల్లో విడిభాగాలవుతుంది. ఇత్తడిపనికి పేరుమోసిన మొరాదాబాదులో రామగంగ ఒడ్డున సర్క్యూట్ బోర్డుల్ని కాల్చి, యాసిడ్‌లో నానబెట్టి, లోహాలు తీసే ఇళ్ళ మీద పరిశోధకులు ఎన్నోసార్లు రాశారు. ఇత్తడి పోసిన చేతులే ఈ పని నేర్చాయి. బంగారం కొంత, రాగి చాలా వస్తుంది. మిగిలిన విషం నదిలోకి. దీనికి మంచి దారి లేక కాదు. హైదరాబాదు చర్లపల్లిలో సి-మెట్ అనే కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ బోర్డుల్లోంచి లోహాల్ని శుభ్రంగా తీసే పద్ధతి తయారుచేసింది. పద్ధతి వుంది, సరుకు వుంది. సరుకు ఆ పద్ధతి దగ్గరికి వెళ్ళే దారే లేదు. మనం ఒక్కరమే ఇలా అనుకోనక్కరలేదు. 2022లో ప్రపంచమంతటా తేలిన 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్తలో, పద్ధతి ప్రకారం శుద్ధి అయినట్టు లెక్క దొరికింది నూటికి 22 పాళ్ళే.

చట్టం రాసినవారు ఈ దారి కోసం ఒక ఉపాయం ఆలోచించారు. కంపెనీ స్వయంగా మీ ఇంటికి రానక్కరలేదు. లైసెన్సు వున్న శుద్ధి కర్మాగారం ఇంత ఇనుము, ఇంత రాగి, ఇంత అల్యూమినియం, ఇంత బంగారం తీశానని చూపిస్తే దానికి సర్టిఫికెట్లు వస్తాయి. కంపెనీ వాటిని కొనుక్కుని తన లెక్క తీర్చుకుంటుంది. ప్లాస్టిక్‌కీ, బ్యాటరీలకీ కూడా ఇదే పద్ధతి. ఉపాయం తెలివైనదే. కర్మాగారానికి డబ్బు వస్తే అది తోపుడుబండి వరకూ పారుతుందని ఆశ. కాని ఎప్పుడైతే సరుకు బదులు కాగితం చేతులు మారడం మొదలయిందో, అప్పుడే కాగితం తయారుచెయ్యడం సరుకు శుద్ధి చెయ్యడం కంటె సులువన్న జ్ఞానం కొందరికి కలిగింది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీకి వెళితే, నాలుగంటే నాలుగు ప్లాస్టిక్ కర్మాగారాల దగ్గర సుమారు 6 లక్షల దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. హాజరు పట్టీలో "ప్రెజెంట్" వున్న కుర్రాళ్ళు సినిమాహాల్లో కూర్చోవడం నాకు వృత్తిరీత్యా తెలిసిన విద్యే గాని, ఇంత పెద్ద తరగతి నేనెరగను.

దొంగ కాగితాలకి ఒక కారణం ధర మరీ చవక కావడం. శుద్ధికి నిజంగా అయ్యే ఖర్చుకంటె తక్కువకే కాగితం దొరుకుతుంటే శుద్ధి ఎవడు చేస్తాడు? ఇది గ్రహించి 2024లో ప్రభుత్వం ఎలక్ట్రానిక్ సామానుకి కిలో ఒక్కింటికి కనీసం 22 రూపాయలు కర్మాగారానికి ముట్టజెప్పాలని నిర్ణయించింది. భారం ఎక్కువైందంటూ 2025లో పెద్దపెద్ద కంపెనీలు కొన్ని ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. కిలోకి 22 రూపాయలు! ముప్ఫయి కిలోల ఏ.సి. యంత్రానికి 660 రూపాయలు. ఆ యంత్రం బిగించడానికి వచ్చిన కుర్రవాడు మనదగ్గర అంతకంటె ఎక్కువే తీసుకుంటాడు.

నన్నడిగితే ఈ నిబంధనల్లో అన్నిటికంటె పెద్దలోటు ధర కాదు. 2022 నాటి ఎలక్ట్రానిక్ నిబంధనల ప్రకారం పేరు నమోదు చేసుకోవలసినవాళ్ళు నలుగురు: తయారుచేసేవాడు, తన పేరుతో అమ్మేవాడు, బాగుచేసి మళ్ళీ అమ్మేవాడు, శుద్ధిచేసేవాడు. తోపుడుబండి మనిషి ఈ నలుగురిలో ఎవరూ కాదు. దేశంలో ఇంటింటికీ తిరిగే వ్యవస్థ ఏదైనా వుంటే అది ఆయనదే. ఆయన పేరు పట్టీలో లేదు.

వంటింటి పొట్లాల కథ వేరు. పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్; కడిగి ఆరబెట్టి ఇస్తే ఎవరో ఒకరు తీసుకుంటారు. చిప్స్ పొట్లం లోపల వెండిలా మెరిసే పొర వుంటుంది చూశారూ, అది ప్లాస్టిక్ మీద అంటించిన లోహం. ఈ పొరల్ని మళ్ళీ విడదియ్యడం సామాన్యంగా అయ్యే పని కాదు. అందుకని చట్టమే ఇటువంటి వాటిని సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో బొగ్గుకి బదులు మండించవచ్చునంది, రోడ్డు తారులో కలపవచ్చునంది. బూడిద చేసి బాధ్యత తీర్చుకోవడమన్నమాట. విడదీయలేని పొట్లం అసలెందుకు చేస్తున్నావని అడగడమే లిండ్‌క్విస్ట్‌గారి అసలు ఉద్దేశం. చచ్చినదాన్ని ఎత్తే ఖర్చు నెత్తిన పడితే, చేసేవాడు చేసేటప్పుడే జాగ్రత్తపడతాడని ఆయన ఆలోచన. సిమెంటు కొలిమి దొరికినవాడికి ఆ జాగ్రత్త అవసరం లేదు.

వస్తువునే డబ్బుతో ముడిపెట్టిన చోట మాత్రం మనవాళ్ళే అద్భుతాలు చేశారు. నీలగిరి కొండల్లో పగిలిన సారాసీసాలు ఏనుగుల కాళ్ళలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు ఆగ్రహిస్తే, 2022లో అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీసీసా తెచ్చిస్తే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. నూటికి తొంభైకి పైగా సీసాలు వెనక్కి వచ్చాయి. తాగినవాడికి ఒళ్ళు తెలియకపోయినా 10 రూపాయల సంగతి తెలిసింది. ఒకవేళ అతను పొదలోకి విసిరినా, ఆ పొదలోకి దిగి తెచ్చుకునేవాడు వుంటాడు. అదే ఏడాది కేదారనాథంలో నీళ్ళ సీసాల మీద ఇదే పద్ధతి పెట్టారు. సీసాకో కోడు అంటించి, 10 రూపాయలు డిపాజిట్టు. దాన్ని నడిపినది మన హైదరాబాదు కంపెనీయే. గోలీసోడా బుడ్డి అక్కడే తాగి అక్కడే ఇచ్చిరావడం, కూల్‌డ్రింకు సీసాకి డిపాజిట్టు కట్టడం చిన్నప్పుడు చూసినవాళ్ళకి ఇందులో కొత్త ఏమీ లేదు.

ఫోను మీదా, ఇన్వర్టరు మీదా కూడా ఇలాగే ఓ 500 రూపాయలు డిపాజిట్టు తీసుకుని, ఏ కొట్లో తెచ్చిచ్చినా, ఎవరు తెచ్చిచ్చినా, తోపుడుబండి మనిషి తెచ్చిచ్చినా సరే, తిరిగి ఇవ్వాలని శాసిస్తే ఎలా వుంటుందని మా పొరుగింటి ప్లీడరుగారితో అన్నాను. ముప్ఫయివేల ఫోను కొనేవాడు 500కి వెనకాడడు గదా అని నా వాదన.

"వెనకాడడండీ," అన్నారాయన. "కాని నాలుగేళ్ళ తరవాత ఆ బిల్లెక్కడ పెట్టానని నన్నడిగేది మా ఆవిడ. ఆవిణ్ణడిగేది నేను. మీ చట్టం ధర్మమా అని మా ఇంట్లో కొత్త వ్యాజ్యం."

బిల్లు అక్కరలేదు, కేదారనాథం సీసాలాగే కోడు వస్తువుకే అంటించి వుంటుందని చెప్పాను. ఆయన ఓ నిమిషం ఆలోచించి లోపలికి వెళ్ళారు. పాత ఫోన్లు ఐదు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చి, వీటికి ఆ 500 వెనకటి తేదీ నుంచి వర్తించేటట్టు చూడమన్నారు.